పరమాణువుల ఫోటో తీస్తే క్వాంటం స్థితి చెడిపోదా? చెడిపోతుంది, తెలిసే తీస్తాం

తమ్మీ, ముందు నీ ప్రశ్నను నా మాటల్లో చెప్తా, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకో. నల్గొండలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నావు. గళ్లగళ్లుగా, గడికో వెలుగు చుక్క ఉన్న ఫోటో ఒకటి చూశావు, ఒక్కో చుక్క ఒక్కో పరమాణువు అని కింద రాసి ఉంది. మీ సార్‌ను అడిగితే "కాంతి అల పరమాణువు కన్నా వెయ్యి రెట్లు పెద్దది, ఇక కనిపించేదెక్కడ, కంప్యూటర్ బొమ్మ అయ్యుంటది" అన్నారు. పోనీ నిజమే అనుకున్నా, చూస్తే క్వాంటం స్థితి చెడిపోతుందని పుస్తకంలో ఉంది కదా, చెడగొట్టి తీసిన ఫోటో ఎవరికి పనికొస్తుంది అని నీ అనుమానం.

మంచి అనుమానమే. నాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఇలాంటి అతిశీతల పరమాణువుల ల్యాబుల్లో పన్నెండేళ్లు పనిచేసి ఇప్పుడు ఇంటి పట్టున ఉండి పాఠాలు చెప్పుకుంటున్నా. పుస్తకంలో ఉన్నది కొంత, టేబుల్ కింద దూరి స్క్రూలు బిగించేటప్పుడు తెలిసింది కొంత, కలిపి చెప్తా. పొడుగైతే ఏమనుకోకు.

మీ సార్ చెప్పిందాంట్లో సగం కరెక్టే. రుబీడియం పరమాణువు అడ్డంగా కొలిస్తే సుమారు అర నానోమీటరు, దాన్ని వెలిగించే లేజర్ తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు. 1500 రెట్లు తేడా. ఆ కాంతితో పరమాణువు ఆకారం చూడటం ఎవరి వల్లా కాదు, ఎవరూ చూడటం లేదు కూడా. క్వాంటం గ్యాస్ మైక్రోస్కోప్ అనే పరికరంతో ఈ ఫోటోలు తీసేవాళ్లు చూసేది ఆకారం కాదు, అది ఎక్కడుందో చూస్తున్నారు, అంతే. రాత్రి దేవరకొండ ఖిల్లా గుట్ట మీద ఎవరో బీడీ వెలిగించారనుకో. కింద నిలబడ్డ నీకు బీడీ పొడుగెంతో, ఏ కంపెనీదో తెలియదు, కానీ నిప్పు చుక్క కనిపిస్తుంది, మనిషి ఏ బండ మీద కూర్చున్నాడో చెప్పగలవు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, ఇద్దరు ఆనుకుని కూర్చుని కాలిస్తే రెండు నిప్పులూ దూరం నుంచి ఒకటే మచ్చగా కలిసిపోతాయి. అసలు కష్టం అదీ.

ఇక్కడ ఇద్దరి మధ్య దూరం ఎంతో చూడు. ఎదురెదురుగా వచ్చే లేజర్ కిరణాలు కలిస్తే కదలకుండా నిలిచిపోయిన అల ఏర్పడుతుంది, దాన్నే ఆప్టికల్ లాటిస్ అంటారు. వామనగుంటల పీట ఆడావు కదా, చెక్కలో గుంటలు, గుంటల్లో చింతగింజలు. ఇదీ అలాంటిదే, కాకపోతే పీట కాంతితో చేసింది, గింజలు పరమాణువులు. 1064 నానోమీటర్ల లేజర్ వాడితే దాంట్లో సగానికి, అంటే 532 నానోమీటర్లకు ఒక గుంట వస్తుంది. జర్మనీలో మ్యూనిక్ ల్యాబ్ వాళ్లు వాడింది ఇదే. మరి ఒక్క పరమాణువు కెమెరాలో వేసే మచ్చ వెడల్పు ఎంత అంటే, ఎంత మంచి లెన్స్ పెట్టినా వాళ్లకు దాదాపు 700 నానోమీటర్లు వచ్చింది. గుంట దూరం కన్నా మచ్చే పెద్దది. అలాంటప్పుడు ఏ గుంటలో గింజ ఉందో ఎలా చెప్తారు?

శాటిలైట్ మ్యాపులో మన దిక్కు బత్తాయి తోట ఒకటి తెరిచి చూడు. ముదురు తోటయితే కొమ్మలు కొమ్మలు కలిసిపోయి మొత్తం పచ్చటి దుప్పటిలా కనిపిస్తుంది, చెట్టు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియదు. కానీ రైతు తాడు పట్టి, ఇన్ని అడుగులకొకటని వరుసగా గుంతలు తీయించాడని నీకు తెలుసు. రెండు మూడు వరుసలు దొరికాయంటే చాలు, మిగతా తోటంతా గళ్లు గీసుకోవచ్చు. ఇక్కడ పచ్చదనం కాస్త పలచబడింది, అంటే ఈ గుంతలో చెట్టు ఎండిపోయింది అని వేలు పెట్టి చూపించొచ్చు. మైక్రోస్కోపులో చేసేది అచ్చంగా ఇదే లెక్క. గళ్లు ముందే తెలుసు, ఒంటరి పరమాణువు మచ్చ ఎలా ఉంటుందో తెలుసు, ఇక ప్రతి గడికీ అడగాల్సింది ఒకటే, ఉందా లేదా. కాబట్టి మీ సార్ "కంప్యూటర్ బొమ్మ" అన్నదాంట్లో కూడా ఇసుమంత నిజం ఉంది, గళ్ల మీద పెట్టిన గుండ్రటి చుక్కల బొమ్మ కంప్యూటరే గీస్తుంది. కానీ దాని వెనక నిజంగా పడిన కాంతి ఉంది.

గళ్లు ముందే తెలుసు అని అంత తేలిగ్గా అనేశా కానీ, ఆ ఒక్క ముక్క మీద నాకు మూడు వారాలు పోయాయి. అప్పట్లో నేను పనిచేసిన చోట (పేరు వద్దులే) ఫోటోలన్నీ బాగానే ఉండేవి, లెక్క మాత్రం కొన్నిసార్లు పూర్తిగా తప్పేది, నిండుగా ఉండాల్సిన చోట చెల్లాచెదురుగా ఖాళీలు చూపించేది. లేజర్ మార్చాం, కెమెరా మార్చాం, ప్రోగ్రాం రాసిన కుర్రాణ్ణి నానా మాటలు అన్నాం, పాపం వాడి తప్పేం లేదు. చివరికి ఒక రాత్రి ఊరికే కూర్చుని ఏ ఫోటో ఎన్ని గంటలకు తీసిందో కాగితం మీద రాస్తుంటే, తప్పులు దాదాపు ఇరవై నిమిషాలకోసారి వస్తున్నట్టు తోచింది. అదే సమయానికి గదిలో ఏసీ కంప్రెసర్ ఆన్ అవుతున్న చప్పుడు. లేజర్‌ను వెనక్కి తిప్పే అద్దం 10 సెంటీమీటర్ల అల్యూమినియం స్తంభం మీద ఉంది. అంత అల్యూమినియం 0.1 డిగ్రీ వేడెక్కితే సుమారు 230 నానోమీటర్లు సాగుతుంది. అంటే మా లాటిస్ మొత్తం దాదాపు సగం గడి పక్కకు జరుగుతోంది, ప్రోగ్రాం మాత్రం పాత గళ్ల మీదే లెక్కేస్తోంది. తోట జరిగిపోయింది, తాడు అక్కడే ఉంది. ఆ తర్వాత నుంచి ప్రతి ఫోటోలోనూ ఒంటరి పరమాణువులను పట్టుకుని గళ్లు ఎక్కడున్నాయో కొత్తగా కనుక్కోవడం మొదలుపెట్టాం. స్తంభం కూడా మార్చాంలే.

ఇప్పుడు నీ రెండో ప్రశ్నకు వద్దాం, ఇది ఇంకా గట్టిది. ఈ పరమాణువులు కొన్ని పదుల నానోకెల్విన్ల చలిలో ఉంటాయి (నానోకెల్విన్ అంటే డిగ్రీలో వంద కోట్లవ వంతు, పరమ శూన్య ఉష్ణోగ్రత నుంచి లెక్క). ఒక్క ఫోటాన్ (కాంతి కణం) తగిలి పోతే రుబీడియంకు అంటుకునే వేడి సుమారు 360 నానోకెల్విన్లు. అంటే ఒక్క దెబ్బకే కథ ముగిసినట్టు. కానీ కెమెరాలో చుక్క పడాలంటే ఒక్కో పరమాణువు నుంచి కొన్ని వేల ఫోటాన్లు రావాలి, లెన్స్‌కు అందకుండా పోయేవి ఇంకెన్నో. ఇది ఎలా కుదురుతుంది?

మొదటి పని, ఉన్నవాటిని ఉన్నచోటే బిగించెయ్యడం. లేజర్ పవర్‌ను ఒక్కసారిగా పెంచి గుంటల లోతును కొన్ని వందల రెట్లు చేస్తారు, మ్యూనిక్ వాళ్లది 300 మైక్రోకెల్విన్ల లోతు (లోతును కూడా వేడి కొలతలోనే చెప్తాం, మైక్రో అంటే నానోకు వెయ్యి రెట్లు). అప్పటిదాకా పక్క గుంటలోకి జారగలిగిన గింజ ఇప్పుడు బావిలో పడ్డట్టే. రెండోది నాకు ఇప్పటికీ ముద్దొచ్చే ఉపాయం. వెలిగించడానికి వేసే కాంతే చల్లబరిచే కాంతి కూడా అయ్యేలా చూస్తారు. పరమాణువు పీల్చుకునే ఫ్రీక్వెన్సీకి కాస్త కిందుగా లేజర్లను పెట్టి అన్ని వైపుల నుంచి వేస్తే, పరమాణువు ఎటు కదలబోతే అటువైపు నుంచే అడ్డం తగులుతుంది, పాకంలో పడ్డ చీమలా. అందుకే దీనికి ఆప్టికల్ మొలాసిస్ అని పేరు, 1985లో స్టీవెన్ చూ బృందం పెట్టింది, మొలాసిస్ అంటే చెరకు ఫ్యాక్టరీలో మిగిలే మడ్డే. ఇలా ఫోటాన్ కొట్టే దెబ్బ, ఫోటాన్ వేసే బ్రేకు ఒకదానితో ఒకటి సరిపోయి పరమాణువు కొన్ని పదుల మైక్రోకెల్విన్ల దగ్గర నిలబడుతుంది. గమనించావా, ఇది మొదట ఉన్న చలి కన్నా వెయ్యి రెట్లు వేడి. కానీ బావి లోతు 300 ఉంది కాబట్టి బయటికి దూకదు. ఒక సెకను పాటు అలా మెరుస్తూ ఉంటుంది, కెమెరా తెరిచి ఉంటుంది, అయిపోయింది.

అంటే నువ్వన్నది నిజమే, క్వాంటం స్థితి మొదటి ఫోటాన్‌కే చచ్చిపోతుంది. బతికేది ఒక్కటే, ఎవరు ఏ గుంటలో ఉన్నారన్న సమాచారం. ఫోటో తీసింది ఆ స్థితిని కాదు, ఆ స్థితిని కొలిస్తే వచ్చిన ఒక జవాబును.

ఒక్క జవాబుతో ఏమీ తెలియదు. అందుకే పరమాణువుల మేఘం ఇంకోటి తయారుచేసి, మళ్లీ చల్లబరిచి, మళ్లీ లాటిస్‌లో పోసి, మళ్లీ తీస్తారు. ఒక్కో చుట్టుకు ఇరవై ముప్పై సెకన్లు, రాత్రంతా నడిపితే వెయ్యికి పైగా ఫోటోలు. పత్రికల్లో వేసే అందమైన ఫోటో ఒక్కటే కానీ, పేపర్‌లో ఉండే ఫలితం ఆ వందల ఫోటోలను కుప్పేసి లెక్కకట్టినది. "ఈ గుంటలో ఖాళీ ఉన్నప్పుడు పక్క గుంటలో ఏముంది?" లాంటి ప్రశ్నలు అడగడానికే ఇంత గోల. ఇది మామూలు పదార్థంలో అడగలేం, ఎందుకంటే అక్కడ ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా, అన్నింటినీ ఒకేసారి ఎవరూ చూడలేదు.

చూడటంలో ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. ఒకే గుంటలో రెండు పరమాణువులుంటే ఆ కాంతి వాటిని కలిపి ఢీకొట్టించి రెండింటినీ బయటికి తోసేస్తుంది. మూడుంటే జంట పోయి ఒకటి మిగులుతుంది. నాలుగుంటే ఏమీ మిగలదు. చిన్నప్పుడు గుప్పిట్లో చింతగింజలు పట్టుకుని సరా బేసా అని ఆడేవాళ్లం చూడు, మైక్రోస్కోప్‌కు తెలిసింది అంతే. బేసి అయితే వెలుగు, సరి అయితే చీకటి. ఎన్ని ఉన్నాయో చెప్పదు. ఈ సరి-బేసిని గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తా.

ఇక అసలు ఇదంతా ఎందుకు? వామనగుంటల పీటకు రెండే రూల్స్ పెట్టు. గింజ తనంతట తాను పక్క గుంటలోకి జారొచ్చు, ఒకే గుంటలో రెండు చేరితే కొంత జరిమానా. ఇదే హబ్బర్డ్ నమూనా. రాయడానికి ఒక్క లైను, లెక్కకట్టడానికి నరకం. ఎందుకంటే క్వాంటంలో ప్రతి అమరికకూ ఒక సంఖ్య దాచుకోవాలి. అటు ఇటు రెండు స్థితులే ఉన్న 30 కణాలుంటే 107 కోట్ల సంఖ్యలు, ఓ మంచి ల్యాప్‌టాప్ మెమరీ నిండిపోతుంది. 50 కణాలంటే వెయ్యి లక్షల కోట్లు దాటిపోతాయి. ఏ కంప్యూటర్ తెచ్చినా ఇంకో పది కణాలు పెడితే మళ్లీ వెయ్యి రెట్లు. కంప్యూటర్‌తో పోరాడే బదులు ప్రకృతిని ప్రకృతి చేతే నడిపించమని రిచర్డ్ ఫైన్‌మన్ 1982లో అచ్చయిన ఉపన్యాసంలో అన్నది దీని గురించే.

లాటిస్ గొప్పతనం ఏమిటంటే, స్ఫటికాన్ని వెయ్యి రెట్లకు పైగా సాగదీసి పెట్టినట్టు ఉంటుంది. కాపర్ ఆక్సైడ్‌లో రాగి పరమాణువుల మధ్య దూరం 0.38 నానోమీటర్లు, ఇక్కడ 532. అక్కడ ఎలక్ట్రాన్ ఫెమ్టోసెకన్లలో గెంతుతుంది, ఇక్కడ మన పరమాణువు నింపాదిగా మిల్లీసెకన్లలో జరుగుతుంది, కెమెరాకు దొరుకుతుంది. దీనికి బదులుగా మనం కట్టే మూల్యం చలి. అన్నీ నెమ్మదైతే శక్తులన్నీ చిన్నవవుతాయి, అందుకే నానోకెల్విన్లు.

ఈ రెండు రూల్స్ మధ్య పోటీలోంచే వింత పుడుతుంది. జారడం గెలిస్తే ప్రతి పరమాణువూ పీటంతా పరుచుకుని సూపర్‌ఫ్లూయిడ్ (అడ్డూ ఆపూ లేకుండా పారే స్థితి) అవుతుంది, ఏ గుంటలో ఎన్ని అంటే ఎవరూ చెప్పలేరు. జరిమానా గెలిస్తే గుంటకొకటి చొప్పున కదలకుండా కూర్చుంటాయి, దీన్ని మాట్ ఇన్సులేటర్ అంటారు. సమతలంలో చతురస్రపు గళ్లకైతే జరిమానా, జారే శక్తికి దాదాపు 17 రెట్లు ఉన్నప్పుడు ఒకటి ఇంకోటిగా మారుతుంది. పరమాణువులతో ఇది చేయొచ్చని 1998లో సిద్ధాంతం వచ్చింది, 2002లో మ్యూనిక్‌లో చేసి చూపించారు, కానీ అప్పుడు మేఘం మొత్తాన్ని ఒకేసారి చూశారు తప్ప ఒక్కొక్కదాన్ని కాదు. ఆ మొదటి ప్రయోగం చేసిన మార్కుస్ గ్రైనరే తర్వాత హార్వర్డ్‌లో తన బృందంతో 2009లో క్వాంటం గ్యాస్ మైక్రోస్కోప్ కట్టాడు, ఏడాది తిరిగేసరికి మ్యూనిక్‌లో ఇమాన్యుయెల్ బ్లోఖ్, స్టెఫాన్ కూర్‌ల బృందం ఇంకోటి కట్టింది. అప్పుడు సరి-బేసి ఫోటోలో తేడా కంటికే కనిపించింది. గుంటకు సగటున ఒకటి ఉండే సూపర్‌ఫ్లూయిడ్‌లో లెక్క ప్రకారం సుమారు 43 శాతం గుంటలే వెలగాలి, అదీ ఏ ఫోటోకు ఆ ఫోటో వేరేగా. మాట్ స్థితిలో దాదాపు అన్నీ వెలుగుతాయి, ప్రతిసారీ.

నాకు బాగా నచ్చిన ఫలితం 2011లో మ్యూనిక్‌ది. మాట్ స్థితిలో అన్నీ నిండుగా ఉన్నా అక్కడక్కడ చీకటి గుంటలు కనిపిస్తాయి. వేడి వల్ల వచ్చిన ఖాళీలైతే ఎక్కడ పడితే అక్కడ ఉండాలి. కానీ ఫోటోలన్నీ కలిపి చూస్తే చీకటి గుంటలు యాదృచ్ఛికంగా రావాల్సిన దానికన్నా ఎక్కువసార్లు పక్కపక్కనే జంటగా వచ్చాయి. ఎందుకంటే ఒక పరమాణువు పొరుగింట్లోకి తొంగిచూసింది, దాని గుంట ఖాళీ అయింది, పొరుగింట్లో ఇద్దరయ్యారు. సున్నా సరి సంఖ్యే, రెండూ సరి సంఖ్యే, కాబట్టి రెండు గుంటలూ చీకటే. క్వాంటం ఊగిసలాట అని పుస్తకంలో చదివే మాట ఇలా జంట మచ్చలుగా ఫోటోలో పడింది. ఒక్క ఫోటో చూసి ఇది చెప్పలేవు, వందలు చూస్తేనే తెలుస్తుంది. చెడగొట్టి తీసిన ఫోటో ఎవరికి పనికొస్తుందన్న నీ మూడో ప్రశ్నకు నా జవాబు ఇదే అనుకో.

సరి-బేసి దగ్గరికి మళ్లీ వస్తానన్నా కదా. 2015లో హార్వర్డ్ వాళ్లు ఆ లోపాన్నే పనిముట్టు చేశారు. నాలుగు పరమాణువుల వరుసలు రెండు, అచ్చుగుద్దినట్టు ఒకేలా పక్కపక్కన పెట్టి, మధ్య గోడను సరిగ్గా లెక్కపెట్టినంతసేపు తగ్గించారు, అది సగం కాంతిని పోనిచ్చే అద్దంలా పనిచేస్తుంది. రెండు వరుసలూ నిజంగా ఒకే స్వచ్ఛమైన స్థితిలో ఉంటే, ఆ తర్వాత ఒక వరుసలో లెక్కపెడితే ఎప్పుడూ సరి సంఖ్యే రావాలి. మొత్తం వరుసకు చూస్తే దాదాపు అలాగే వచ్చింది. వరుసలో సగాన్నే చూస్తే మాత్రం సరి-బేసి గందరగోళమైంది. మొత్తం క్రమంగా ఉండి ముక్క మాత్రం గందరగోళంగా ఉండటం మామూలు ప్రపంచంలో జరగదు, ఇల్లంతా సర్ది ఉండి వంటగది ఒక్కటే చిందరవందర అన్నట్టు కూడా కాదు, ఎందుకంటే అప్పుడు ఇల్లు సర్ది ఉన్నట్టు కాదు కదా. ఇది ఎంటాంగిల్‌మెంట్ గుర్తు, అంటే ముక్కలు విడివిడిగా చెప్పలేనంతగా ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం. దాన్ని కొలవాలంటే సరా బేసా తెలిస్తే చాలు, మైక్రోస్కోప్‌కు తెలిసిందీ అదొక్కటే.

ఎలక్ట్రాన్లలా ప్రవర్తించే ఫెర్మియాన్లను, అంటే లిథియం 6, పొటాషియం 40లను ఇలా చూడటం 2015లో ఒకే ఏడాది చాలా ల్యాబుల్లో కుదిరింది. 2017లో హార్వర్డ్‌లో పక్కపక్క స్పిన్‌లు (ఒక్కో పరమాణువు ఒక చిన్న అయస్కాంతం అనుకో) ఒకటి పైకి ఒకటి కిందికి, చదరంగపు గళ్లలా వరుస తీరడం చూశారు, 2019లో మ్యూనిక్‌లో ఆ గళ్లలో అదనంగా చేరిన ఒక పరమాణువు తిరిగితే దాని చుట్టూ అయస్కాంత క్రమం ఎలా చెదురుతుందో ఫోటోల్లో చూపించారు. 1986లో బయటపడ్డ కాపర్ ఆక్సైడ్ సూపర్‌కండక్టర్ల (నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థాల) గుట్టు ఈ నమూనాలోనే ఉందని చాలామంది ఆశ. నా ఉద్దేశం అడిగితే, ఇంకా చల్లబరచనిదే ఆ మాట గట్టిగా చెప్పలేం. వార్తల్లో దీన్ని క్వాంటం కంప్యూటర్ అని రాసేస్తారు, అది కూడా సరికాదు, నువ్వు చెప్పిన ప్రతి లెక్కా ఇది చేయదు, తన లెక్క తాను చేసుకుంటుంది, మనం చూస్తాం.

ఇటువైపు రావాలంటే ఏం చదవాలని చివర్లో అడిగావు. జామ్, జెస్ట్ ప్రవేశ పరీక్షలు రాయి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్, ఐసర్లు చూడు. 2023లో కేంద్రం 6003 కోట్లతో క్వాంటం మిషన్ ప్రకటించింది కాబట్టి సీట్లు, పోస్టులు మునుపటి మీద నయం. సిద్ధాంతమే గొప్పదన్న భ్రమ వద్దు, ఆప్టిక్స్ ల్యాబ్‌లో మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌ను పక్కవాడి రికార్డు చూసి కాపీ కొట్టకుండా నువ్వే అలైన్ చెయ్యి.

ఈలోగా ఒక పని చెయ్యి. పైథాన్‌లో 20 అడ్డం 20 నిలువు గళ్లు గియ్యి, గడి 532 యూనిట్లు. కొన్ని గళ్లలో మాత్రం, ఏవో నీకు తెలియకుండా ర్యాండమ్‌గా, 700 వెడల్పున్న మచ్చలు పెట్టు, పైన కాస్త నాయిస్ చల్లు, ఇప్పుడు ఆ మసక బొమ్మ ఒక్కటే చూసి ఏ గళ్లు నిండాయో కనుక్కునే ప్రోగ్రాం రాయి. అది కుదిరాక గళ్లను అటో ఇటో సగం గడి జరిపి, జరిపిన సంగతి ప్రోగ్రాంకు చెప్పకుండా నడిపి చూడు, మా ఏసీ బాధ అర్థమవుతుంది. నాయిస్ ఎంత పెంచేదాకా నీ జవాబు తప్పలేదో నాకు రాయి. మీ సార్‌కు కూడా అదే చూపించు, నా పేరు చెప్పాల్సిన పనిలేదు.